ఇంజను వాల్వుల ఆరోగ్యము

ఇంటిలో ఏండ్ల తరబడి సేవ చేసిన కారు ఒకనాడు ఎత్తు ఎక్కలేక ఆయాసపడును. ఉదయమున ఒక పట్టున స్టార్టు కాదు. నిలిపియుంచినప్పుడు ఇంజను తాళము తప్పిన మద్దెలవలె కొట్టుకొనును. పెట్రోలు ఖర్చు పెరుగును. అప్పుడు ఇరుగుపొరుగువారు పలు సలహాలు చెప్పుదురు. బోరు చేయించుమని ఒకరు, ఇంజనునే మార్చుమని మరియొకరు, పాత ఇనుమునకు అమ్మివేయుమని వేరొకరు. వీనిలో ఏ ఒక్కటియు అవసరము లేకపోవచ్చును. ఇంజను పైభాగమున పనిచేయు ఎనిమిది చిన్న లోహపు తలుపులలో ఒక్కటి సరిగా మూసికొనకపోయినను ఈ లక్షణములన్నియు కనబడును. ఆ తలుపులకే వాల్వులని పేరు. మన శాస్త్ర గ్రంథములలో వానిని కవాటములని వ్రాయుదురు. కవాటమనగా తలుపే కదా.

ఈ ప్రసంగముతో శ్రోతలను మెకానిక్కులుగా తీర్చిదిద్దవలెనని మా ఉద్దేశము కాదు. కారు యజమాని షెడ్డులో నిలిచినప్పుడు అక్కడ జరుగు పని ఏమిటో గ్రహించి, అడుగవలసినది అడిగి, చేయింపవలసినంతయే చేయించుకొనుటకు చాలిన జ్ఞానమును అందించుటయే మేము తలపెట్టిన పని. ఉదాహరణగా అంబాసడర్ కారును తీసికొందము. పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరినుండి 2014 వరకు ఈ కారును తయారు చేసిరి. 1959 మొదలు చిరకాలము దానిలో 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఉండెడిది. తయారీ ఆగినను మన ఊళ్లలో అట్టి కారులు నేటికిని అక్కడక్కడ నడచుచునే యున్నవి. ఆ ఇంజను నిర్మాణము సులభమైనది. పైమూత తీసినంతనే వాల్వుల పని కంటికి కనబడును. కావున నేర్చుకొనువారికి అది మంచి పాఠశాల.

వాల్వు ఆకారము పుట్టగొడుగు వంటిది. వెడల్పైన తల, దానికి పొడవైన సన్నని కాడ. తల అంచు చుట్టును 45 డిగ్రీల వాలుగా చెక్కబడియుండును. ఆ వాలు వచ్చి కూర్చుండు చోటు సీటు. కాడ ఎక్కుచు దిగుచు నుండు గొట్టము గైడు. బలమైన స్ప్రింగు ఒకటి వాల్వును ఎల్లప్పుడు సీటునకు అదిమి పట్టియుంచును. తెరువవలసిన క్షణమున క్రిందనున్న క్యామ్ షాఫ్టు టాపెట్టును లేపును. టాపెట్టు పుష్ రాడ్డును పైకి నెట్టును. పుష్ రాడ్డు రాకర్ ఆర్ము కొనను ఎత్తును. రాకర్ ఆర్ము మన ఏతమువంటిది. ఒక కొన లేచినప్పుడు రెండవ కొన దిగి వాల్వు కాడను నొక్కును. తలుపు తెరచుకొనును.

సిలిండరు ఒక్కింటికి రెండేసి వాల్వులు. ఇన్లెట్ వాల్వు గాలియు పెట్రోలును కలిసిన మిశ్రమమును లోనికి విడుచును. ఎగ్జాస్టు వాల్వు కాలిన వాయువును వెలికి పంపును. మిశ్రమము నొక్కబడి మండునప్పుడు రెండును బిగువుగా మూసికొనియుండవలెను. ఇంజను నిమిషమునకు 3000 మారులు తిరుగుచుండగా ప్రతి వాల్వును 1500 మారులు, అనగా సెకనునకు 25 మారులు తెరచుకొని మూసికొనును. అదే వేగమున అయిదు గంటలు ప్రయాణము చేసినచో ఒక్కొక్క వాల్వు 4,50,000 మారులు సీటుపై కొట్టుకొన్నదన్నమాట.

ఇంతకంటె కఠినమైన పరీక్ష వేడిమి. ఎగ్జాస్టు వాల్వు మంటలో మునిగి తేలుచుండును. బరువు లాగునప్పుడు దాని తల 700 డిగ్రీల సెంటిగ్రేడు దాటి కాగుట సామాన్యము. ఆ వేడిమి పోవుటకు రెండే త్రోవలు కలవు. కొంత కాడగుండ గైడునకు పోవును. అత్యధిక భాగము మాత్రము వాల్వు మూసికొనియున్న కొద్ది క్షణములలో సీటుద్వారా, నీటితో చల్లబడుచున్న హెడ్డులోనికి పోవును. సీటుపై వాల్వు ఆను వలయము వెడల్పు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. కారు సుఖము, ఇంజను ఆయువు ఆ సన్నని వలయముపై ఆధారపడియున్నవి. ఆ వలయములో ఎక్కడనైన కొద్ది సందు ఏర్పడినచో అచ్చట వేడిమి దిగుటకు త్రోవ ఉండదు. పైగా మంట ఆ సందుగుండ కంసాలి ఊదుగొట్టపు జ్వాలవలె దూసికొనిపోవును. కొంతకాలమునకు వాల్వు అంచు ఎలుక కొరికిన రొట్టెవలె తినబడును. ఈ గాయము తనంతట మానునది కాదు, నడిపినకొలది పెరుగునది.

ఇట్టి సందు ఏర్పడుటకు మసి పొరలు, అరిగిన గైడు, వంగిన కాడ మొదలగు కారణములు పెక్కు కలవు. అన్నిటికంటె తరచుగా జరుగునది, సులభముగా నివారింపదగినది మరియొకటి కలదు. రాకర్ ఆర్మునకును వాల్వు కాడకును నడుమ స్వల్పమైన ఎడము ఉండవలెను. దీనినే మెకానిక్కులు టాపెట్ గ్యాప్ అందురు. అంబాసడర్ పాత పెట్రోలు ఇంజనునకు ఇది 0.015 అంగుళము, అనగా సుమారు 0.38 మిల్లీమీటరు, ఒక మందపాటి శుభలేఖ అట్టంత. వేడెక్కినప్పుడు లోహము సాగును కదా. ఆ సాగుదలకు చోటు కావలెను. ఎడము లేనిచో సాగిన కాడ రాకరునకు తగిలి నిలిచిపోవును. అప్పుడు స్ప్రింగు ఎంత లాగినను వాల్వు సీటుపై పూర్తిగా కూర్చుండలేదు.

ఇచ్చటనే యజమానులు తరచుగా పొరబడుదురు. ఎడము ఎక్కువైనచో ఇంజను టకటకమని చప్పుడు చేయును. ఆ చప్పుడు చెవికి ఇంపుగా ఉండదు. "టాపెట్లు బిగించి చప్పుడు లేకుండ చేయుము" అని మెకానిక్కును తొందరపెట్టుదురు. అతడును యజమానిని సంతోషపెట్టుటకు ఎడమును తగ్గించును. ఇంజను నిశ్శబ్దమగును, యజమాని మెచ్చుకొనును, ఎగ్జాస్టు వాల్వు కాలుట మొదలిడును. వదులైన వాల్వు మొరపెట్టుకొనును, బిగిసిన వాల్వు నోరు మెదపక కాలిపోవును. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడన్న సామెత ఈ బిగువునకు చక్కగా సరిపడును. కావున ఎడమును చెవితో నిర్ణయింపరాదు. ఫీలర్ గేజి రేకుతో కొలిచియే నిర్ణయింపవలెను. ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడిగా ఉన్నప్పుడా అను విషయమున కారుతో వచ్చిన చేతిపుస్తకమే ప్రమాణము.

పాత ఇంజనుల ఎడము తగ్గుటకు మరియొక కారణము కలదు. ఒకప్పుడు పెట్రోలులో టెట్రా ఇథైల్ లెడ్ అను సీసపు ద్రవ్యమును కలుపుచుండిరి. ఇంజనులో తట్టుడు శబ్దము రాకుండ చేయుటకు అది 1920లనుండి వాడుకలోనికి వచ్చినది. సీసము ఎగ్జాస్టు సీటుపై సన్నని పొరగా నిలిచి, వాల్వునకును సీటునకును నడుమ కందెనవలె కూడ ఉపకరించెడిది. కాని ఆ సీసమే పొగతో వెలువడి గాలిలో కలిసి పసిబిడ్డల మెదడు ఎదుగుదలకు హాని చేయుచున్నట్లు తేలినది. మన దేశమున 2000 ఫిబ్రవరి 1వ తేదీనుండి సీసము కలిపిన పెట్రోలు అమ్మకము ఆగిపోయినది. 2021లో అల్జీరియాలో కూడ నిలిచిపోవుటతో ప్రపంచమున కారులకు అట్టి పెట్రోలు అమ్మకము ముగిసినది. ఇది మానవజాతికి మేలైన నిర్ణయము. దానివలన పాత ఇంజనులకు కలిగిన కష్టము స్వల్పము, నివారింపదగినది.

ఆ కష్టమేమనగా, పాత ఇంజనులలో సీటు పోతయినుపు హెడ్డులోనే చెక్కబడియుండును. సీసపు పొర లేనప్పుడు, మిక్కిలి వేడిలో వాల్వును సీటును సూక్ష్మ బిందువులవద్ద క్షణకాలము అతుకుకొని మరల తెగుచుండును. ఇట్లు ఇనుము కొంచెము కొంచెముగా ఊడి, సీటు హెడ్డులోనికి కుంగును. సీటు కుంగినకొలది వాల్వు కాడ పైకి జరుగును, ఎడము మూసికొనిపోవును. ఊరిలో మెల్లగా తిరుగు కారునకు ఈ అరుగుదల అల్పము. ఎండకాలమున పెద్ద రోడ్డుపై గంటల తరబడి వేగముగా పోవు కారునకు, గ్యాసుతో నడపబడు కారునకు ఎక్కువ. మాటిమాటికి ఎడము తగ్గుచున్నచో సీటు కుంగుచున్నదని గ్రహింపవలెను. హెడ్డు విప్పినప్పుడు గట్టి లోహముతో చేసిన సీటు వలయములను దింపించినచో ఈ బాధ తొలగును.

ఇక రోగ నిర్ణయము. హెడ్డు దింపుట అల్పమైన పని కాదు. ముందుగా దోషమెచ్చటనో రూఢి చేసికొనవలెను. కొండను త్రవ్వి ఎలుకను పట్టిన చందము కారాదు. ప్లగ్గులు, వాని తీగెలు, టాపెట్ ఎడములు మొదట చూడవలెను. తరువాత కంప్రెషన్ గేజితో పరీక్ష చేయింపవలెను. నాలుగు ప్లగ్గులను తీసి, యాక్సిలరేటరును పూర్తిగా నొక్కిపట్టి, స్టార్టరుతో ఇంజనును త్రిప్పుచు ఒక్కొక్క సిలిండరులోని పీడనమును కొలుతురు. నాలుగు అంకెలును ఇంచుమించు సమానముగా ఉండవలెను. ఒకటి మిక్కిలి తగ్గినచో ఆ సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల కొలువవలెను. పీడనము పెరిగినచో దోషము పిస్టను రింగులది. ఆయిలు రింగుల సందును తాత్కాలికముగా మూసినది కావున పీడనము పెరిగినది. పెరుగనిచో దోషము వాల్వులది. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండరులలో తగ్గినచో వాని నడుమ హెడ్ గ్యాస్కెట్టు చెడియుండవచ్చును.

గేజి లేనిచోట అంబాసడరునకు హ్యాండిలు ఉండనే యున్నది. ఇగ్నిషను కట్టి, గేరును న్యూట్రలులో ఉంచి, హ్యాండిలును మెల్లగా త్రిప్పినచో రెండు చుట్లలో నాలుగు మారులు చేతికి బరువు తగులును. ఒకచోట తేలికగా తిరిగిపోయినచో ఆ సిలిండరు గాలిని నిలుపుకొనుట లేదు. అప్పుడు చెవి యొగ్గి వినవలెను. సైలెన్సరు గొట్టములో బుసబుస వినబడినచో ఎగ్జాస్టు వాల్వు, కార్బురేటరులో వినబడినచో ఇన్లెట్ వాల్వు, ఆయిలు పోయు మూతివద్ద వినబడినచో పిస్టను రింగులు కారణమని సాధారణముగా చెప్పవచ్చును. పొగయు ఒక సూచన చేయును. తిరుమల వంటి ఘాట్ రోడ్డున యాక్సిలరేటరు వదలి దిగివచ్చి, చదునునకు చేరి మరల నొక్కినప్పుడు గుప్పున నీలిపొగ వచ్చినచో వాల్వు గైడులు అరిగియుండును. లేదా కాడపైనుండు రబ్బరు సీళ్లు గట్టిపడియుండును.

దోషము వాల్వులదేయని తేలినచో హెడ్డు దింపవలెను. నీరు దింపి, రాకర్లు పుష్ రాడ్లు తీసి, హెడ్డును బల్లపైకి చేర్చిన తరువాత మంచి పనివాడు చేయు మొదటి పని ఏమనగా, ఒక అట్టముక్కకు ఎనిమిది రంధ్రములు చేసి, వానికి 1 నుండి 8 వరకు అంకెలు వేసి, తీసిన వాల్వును దాని రంధ్రమున గ్రుచ్చుట. ఏ వాల్వు ఏ సీటుతో కాపురము చేసినదో అచ్చటికే తిరిగి పోవలెను. వాల్వులన్నింటిని ఒక కిరసనాయిలు గిన్నెలో కలగాపులగముగా పడవేయు షెడ్డులో పని చేయించుటకు ముందు ఒకమారు ఆలోచింపుడు.

మసి గీచి శుభ్రము చేసిన పిమ్మట ఏ వాల్వు ఉంచదగినది, ఏది మార్చదగినది అని నిర్ణయింపవలెను. అంచు కాలినది, బీట వారినది, కాడ వంగినది, కాడ అరిగి సన్నబడినది మార్చవలసినవే. వాలునకు పైనుండు అంచు మందము సుమారు ఒక మిల్లీమీటరుకంటె పలుచనైనదానిని కూడ ఉంచరాదు; పలుచని అంచు త్వరగా ఎర్రబడి కాలును. తక్కినవానిని సానపట్టి మరల వాడుకొనవచ్చును. ఒక్క వాల్వు కాలినంతమాత్రమున ఎనిమిదింటిని మార్చవలెనను నియమము లేదు. గైడు అరిగియుండగా క్రొత్త వాల్వు వేయుటయు వ్యర్థమే. కాడ ఊగులాడుచుండగా తల ఒకే చోట కూర్చుండదు. పనికి ఒక వరుస కలదు. ముందు గైడు, తరువాత సీటు, చివర వాల్వు. సీటును చెక్కు పరికరము గైడు నడుమనే నిలిచి తిరుగును గనుక ఈ వరుస తప్పరాదు.

పిమ్మట వాల్వు గ్రైండింగ్. వాలు అంచునకు గ్రైండింగ్ పేస్టు కొద్దిగా పూసి, కాడను గైడులో దింపి, కొనయందు రబ్బరు గిన్నె గల చేతికఱ్ఱను వాల్వు తలకు అంటించి, కవ్వమును అరచేతుల నడుమ త్రిప్పినట్లు ఇటునటు త్రిప్పుదురు. నడుమ నడుమ వాల్వును ఎత్తి, కొంచెము జరిపి, మరల త్రిప్పవలెను. లేనిచో వలయాకారముగా గీతలు పడును. మొదట ముతక పేస్టు, తరువాత మెత్తని పేస్టు. వాల్వుపైనను సీటుపైనను ఎక్కడను తెగని, ఒకే వెడల్పు గల బూడిదవన్నె వలయము కనబడువరకు ఈ పని సాగవలెను. ఎనిమిది వాల్వులకు ఒక పూట పట్టినచో ఆశ్చర్యపడరాదు. యజమాని తొందరపెట్టరాని పూట ఇదే.

పని కుదిరినదా లేదా తెలిసికొనుటకు సులభమైన పరీక్షలు రెండు కలవు. వాల్వు వాలుపై పెన్సిలుతో అడ్డుగీతలు గీచి, పేస్టు లేకుండ సీటుపై కొద్దిగా త్రిప్పి చూచినచో గీతలన్నియు తెగియుండవలెను. తరువాత స్ప్రింగులు బిగించి, ప్లగ్గులు అమర్చి, హెడ్డును తలక్రిందుగా ఉంచి మంటగదులలో కిరసనాయిలు పోసి కొంతసేపు ఉంచవలెను. లోపలి దారులలో చెమ్మ కనబడరాదు. ఈ రెండవ పరీక్షను తన ఎదుట చేయుమని యజమాని నిస్సంకోచముగా అడుగవచ్చును. మంచి పనివాడు దానికి కోపగింపడు. తన పనితనమును చూచువారు దొరికిరని సంతోషించును. పరీక్షకు ముందే పేస్టు రవ్వయు మిగులకుండ కడుగుట ముఖ్యము. మిగిలిన రవ్వ గైడులను, సిలిండరు గోడలను కూడ సానపట్టును.

హెడ్డు అడుగు చదునుగా ఉన్నదో లేదో చూచి, క్రొత్త గ్యాస్కెట్టు వేసి, నట్లను మధ్యనుండి అంచులకు, కొంచెము కొంచెముగా, చేతిపుస్తకము చెప్పిన క్రమమున బిగింపవలెను. చివరిది ఎడము సవరణ. ఈ ఇంజనునకు తొమ్మిది లెక్క అను తేలికైన ఉపాయము కలదు. 8వ వాల్వు పూర్తిగా తెరచుకొనియున్నప్పుడు 1వ దానిని, 7వది తెరచుకొన్నప్పుడు 2వ దానిని, 6వదానికి 3వది, 5వదానికి 4వది, ఇట్లే తారుమారుగా కూడ, రెండు అంకెలు కూడినచో తొమ్మిది వచ్చునట్లు సవరించుకొని పోవలెను. కొన్ని వందల కిలోమీటర్లు నడచిన తరువాత నట్లను, ఎడములను మరల ఒకమారు చూపించుట మరువరాదు. క్రొత్తగా సానపట్టిన సీటు కొద్దిగా సర్దుకొనును, ఎడము తగ్గును.

క్రొత్త కారులు కలవారికి ఒక మాట. నేటి పెక్కు ఇంజనులలో సిలిండరునకు నాలుగేసి వాల్వులు, గట్టి లోహపు సీట్లు ఉన్నవి. కొన్నిటిలో ఎడమును ఆయిలు పీడనమే సర్దుకొనును. అట్టివానికి మంచి ఆయిలును సకాలమున మార్చుటయే వాల్వు సేవ. టైమింగ్ బెల్టు గల ఇంజనులలో మరియొక ప్రమాదము కలదు. నడచుచుండగా బెల్టు తెగినచో, అనేక ఇంజనులలో తెరచియున్న వాల్వులను పిస్టను వచ్చి కొట్టి వంచివేయును. బెల్టు వెల స్వల్పము, దాని వలన కలుగు నష్టము అధికము. కావున తయారీదారులు చెప్పిన గడువులోపల, బాగుగనే యున్నట్లు కనబడినను, బెల్టును మార్పింపవలెను.

శ్రోతలారా, చెప్పిన విషయము విస్తారమైనను గుర్తుంచుకొనవలసినవి మూడే. కొలువక ముందు విప్పనీయకుడు. చప్పుడు మాన్పుటకై ఎడమును తగ్గింపనీయకుడు. సానపట్టు పూట పనివానిని తొందరపెట్టకుడు. మార్చిన పాత వాల్వులను ఇంటికి తెచ్చుకొని, వాని అంచులను చేతితో తడిమి చూడుడు. ఎక్కడ కాలినదో, ఎందుచేత కాలినదో ఆ లోహమే చెప్పును. అది తెలిసిన ఇంటిలో పాత కారునకు ఆయువు పెరుగును. దానిని బాగుచేయు చేతులకు పని, గౌరవము రెండును నిలుచును.